ఊపిరి తీసుకునే చోటు

పాత స్పీకర్లు ఊడదీయాలి. నాదపొర అంటించాలి. గదిలో ప్రతిధ్వని సరిచూడాలి. మావయ్య చేత ముందు టీ తాగించాలి, లేకపోతే ఆ హడావుడిలో మరచిపోతాడు. ఆ తర్వాత అత్త పద్యం వినిపించాలి.

ఈ పనులన్నీ మనసులో వరుస పెట్టుకుంటూ ఇందుజ అనకాపల్లిలో బస్సు దిగింది. "మెట్టుంది తల్లీ, చూసుకో" అని ఎవరో పెద్దాయన పక్కనే అన్నట్టు వినిపించింది. ముందు నడుస్తున్న ఆవిడ వెనక్కి తిరిగి "అలాగే బాబూ" అంది. అక్కడ మనిషి లేడు. గోడకు నాదపొర ఉంది.

కాగితమంత పల్చటి ఆ పొర వచ్చాక, యంత్రంలో వినిపించే గొంతుకీ ఎదుట మనిషి గొంతుకీ తేడా లేకుండా పోయింది. డిజిటల్ శబ్దంలో జీవం లేదనీ, పాత ప్లేటు మీద పాటకే ప్రాణముందనీ పూర్వం సంగీతాభిమానులు వాదించేవారు. ఆ వాదనకు ముగింపు పలికిన సంస్థలోనే ఇందుజ ఇంజనీరు. పొర వెనక పనిచేసే యంత్రమేధకు సహజిని అని పేరు. అది లక్షల గొంతులు విని, మనిషి గొంతు ఎలా సాగుతుందో నేర్చుకుంది. గరగర ఉంటే తుడిచేది, తెగినచోట అతికేది.

ఒక్కటే ఇబ్బంది. ప్లేటును చదివే కాంతి దాని గాడుల్ని కరిగించేస్తుంది; ఒకసారి చదివాక ఆ ప్లేటు ఇక పాడదు. నూకరత్నం అత్త పాడిన ప్లేటు ప్రపంచంలో ఒక్కటే మిగిలింది, అదీ అరిగిపోయింది. "ఇంకో ఏడాదిపోతే గొంతే వినపడదు మావయ్యా, నన్ను నమ్ము" అని ఇందుజే ఆయన్ని ఒప్పించి, దాన్ని తీసుకెళ్లింది.

అత్త పోయినప్పటినుంచీ రోజూ పొద్దున్నే ఆ ప్లేటు పెట్టుకుని, దాంతోపాటు హార్మోనీ వాయించడం మావయ్య అప్పలనరసయ్యకు అలవాటు. ఒకప్పుడు పద్యనాటకాల్లో ఆమె పాడితే ఆయనే వాయించేవాడు. ఇవాళ ఇందుజ గోడకు పొర అంటించేసరికే ఇస్త్రీ లాల్చీ వేసుకుని, హార్మోనీ ముందు కూర్చుని ఉన్నాడు.

"ఏటే కోడలా, బతికున్నన్నాళ్లూ ఒక్కచోట నిలబడింది కాదు మీ అత్త. ఇప్పుడు గోడకి అంటించేశావా?"

"ముందు టీ తాగు మావయ్యా. తర్వాత మా అత్తని ఆడిపోసుకుందువు గాని."

ఇందుజ పొరను తాకింది.

నూకరత్నం పాడింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి పాడినట్టుంది. ముసలాయన నిజంగానే చెయ్యి చాచాడు. తర్వాత సిగ్గుపడి, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుని, హార్మోనీ మెట్ల మీద వేళ్లు పెట్టాడు.

అడవిలో కొడుకును వెతుక్కునే తల్లి పద్యం అది. మూడో పాదంలో "నా బిడ్డడా" అన్నచోట ఆయన నాలుగు స్వరాలు వేశాడు. అవి ఆమె గొంతు మీద పడ్డాయి. ఆయన ఆపేశాడు.

"మళ్లీ పెట్టు కోడలా."

మళ్లీ అంతే. మూడోసారీ అంతే.

"నాదే తప్పులే. చేతులు ముసలివైపోయాయి."

"నువ్వెక్కడ వాయిస్తున్నావు మావయ్యా?"

"'నా' తర్వాత. అక్కడ దానికి ఊపిరందదు కదా."

ఇందుజకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. "ఉబ్బసం దానికి. తునిలో మొదటిసారి 'నా' అని ఆగిపోయింది. జనం నవ్వుతారని భయమేసి, ఆ ఖాళీలో నేను నాలుగు స్వరాలు వేసీసేను. అది ఊపిరి పీల్చుకుని 'బిడ్డడా' అంది. అది ఏడుపనుకున్నారు జనం. పందిరంతా వన్స్ మోర్! నాటకం అయ్యాక నా దగ్గరికొచ్చి, 'నా ఊపిరి సంగతి నీకెలా తెలిసింది?' అనడిగింది. అప్పటికింకా మా పెళ్లి కాలేదు."

ఇందుజ సహజిని స్థాయిని తగ్గించుకుంటూ సున్నాకు తెచ్చింది. అతుకు విడిపోయి, 'నా' తర్వాత ఖాళీ వచ్చింది. అందులో ఏమీ లేదు. ఆయాసాన్ని లోపమనుకుని, దాని మీద వినిపించిన హార్మోనీని చప్పుడనుకుని, సహజిని చదివేటప్పుడే రెండింటినీ తుడిచేసింది. యంత్రం తప్పేమీ చేయలేదు. సహజమైన గొంతు మాట మధ్యలో తెగదని దానికి నేర్పినవాళ్లలో ఇందుజ కూడా ఉంది.

"ప్లేటు..." అని ఆయన మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆపేశాడు.

"మావయ్యా, నేను..."

"బాగుందమ్మా. చాలా బాగా పాడుతోంది." ఆయన తిత్తి మూసి, కొక్కెం తగిలించాడు. "నేను లేకపోయినా పాడేస్తోంది."

ఆ హార్మోనీని ఆయన మళ్లీ తెరవలేదు.

సంస్థ విడుదల చేసిన నూకరత్నం పద్యం ఇప్పుడు ఎన్నో ఇళ్ల గోడల్లో ఉంది. విన్న పిల్లలు కూడా అలాగే, ఎక్కడా ఆగకుండా పాడుతున్నారు. మీ ఇంట్లో ఎప్పుడైనా అది వినబడితే, 'నా' దగ్గర మీరైనా ఒక్క క్షణం ఆగండి. అక్కడ ఆమెకు ఊపిరి అందేది కాదు. అందేదాకా పద్యం పడిపోకుండా పట్టుకున్న మనిషి ఒకడుండేవాడు. దయచేసి అప్పలనరసయ్యను గుర్తుంచుకోండి.