వంటింటి తలుపు

"అమ్మ జీవితమంతా ఈ టేపుల్లోనే ఉంది వదినా! దాని మీద నీ గిన్నెల మోత కూడా ఉంది!"

ఆడపడుచు టేపుల డబ్బా ముందుకు తోస్తూ అరిచింది. పియానో టీచరమ్మగా పేరు మోసిన అత్తగారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆవిడ కచేరీల కాగితాలు, పాఠాల టేపులు భద్రపరుస్తామని సంగీత గ్రంథాలయం వాళ్ళు ముందుకొచ్చారు. తీరా చూడడానికి వచ్చినాయన ఒక టేపు విని, వెనక వంటింటి చప్పుళ్ళు ఎక్కువగా ఉన్నాయనీ, పైవాళ్ళు ఒప్పుకోకపోవచ్చనీ నసిగాడు. ఇంకేముంది, పాత పుండు మళ్ళీ రేగింది!

ఈ నింద కోడలికి కొత్తా ఏమన్నా? పాఠం మొదలవగానే వంటింటి తలుపు తనే వేసేది. తొట్టిలో పాత తువ్వాలు పరిచి మరీ గిన్నెలు తోమేది. అయినా కాసేపటికి తిరిగి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉండేది! గడియ వదులైందనుకుని వడ్రంగిని కూడా పిలిపించింది. "తలుపు వేయడం కూడా చేతకాదా మీ ఆవిడకి?" అని ఆడపడుచు తన అన్నగారిని నిలదీస్తుంటే, అత్తగారు పక్కనే కూర్చుని స్వరాల కాగితాలు తిరగేసేవారు. కాదని ఒక్క మాట అనలేదు. మెచ్చుకోలు దగ్గర ఆవిడ మహా పిసినారి.

"పోనీ, ఆ చప్పుళ్ళు తీసేయించొచ్చుగా?" అన్నాడు భర్త, గోడమీద పిల్లిలా.

"తీస్తే పియానో కూడా పాడవుతుందండీ. ఇంకొకటి విందాం" అని గ్రంథాలయం ఆయన టేపు మార్చాడు.

పియానో మొదలైంది. వెనకే గిన్నెల గలగల. ఆడపడుచు కణతలు నొక్కుకుంది. ఇంతలో వాయించడం ఆగి, ఎవరో శిష్యురాలి గొంతు వినిపించింది.

"టీచర్, ఆ తలుపు మళ్ళీ తెరుచుకుంది. వేసి రానా?"

"తెరుచుకోలేదు, నేనే తీశాను." అది అత్తగారి గొంతు! "లోపల మా కోడలుంది. వాయించేవాళ్ళు బాగా వాయిస్తే దాని చెయ్యి ఆగిపోతుంది. గిన్నెలు ఇంకా మోగుతూనే ఉన్నాయి, వినపడట్లేదూ? మళ్ళీ మొదటినుంచి వాయించు."

ఆ పిల్ల మళ్ళీ వాయించింది. మళ్ళీ... మళ్ళీ... ఒకసారి ఏదో గిన్నె టంగుమని, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. పియానో ఒక్కటే చివరిదాకా సాగింది.

"ఊఁ... ఇప్పుడొచ్చింది" అన్నారు అత్తగారు.

ఆడపడుచు ముఖం పాలిపోయింది. "నేను నేర్చుకునేటప్పుడూ అంతే కదా... కారణం చెప్పకుండా మళ్ళీ, మళ్ళీ అనేది! అదంతా నీవల్లనా వదినా?" అంటూ వదిన చేతులు పట్టుకుని భోరుమంది. "ఇన్నేళ్ళూ నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను...!"

"తోముతూ తోముతూ అలాగే నిలబడిపోయేదాన్ని. ఎవరైనా చూస్తే పని ఎగ్గొడుతున్నాననుకుంటారని భయం..." కోడలు తిరుగుతున్న టేపు వైపు చూసింది. "ఆ మాటేదో నాతో ఒక్కసారి అంటే ఏం పోయేది అత్తయ్యా!"



గ్రంథాలయం ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇవి ఇలాగే ఉండాలండీ. పైవాళ్ళకి నేను చెప్తాను. మరి డబ్బా మీద ఏం రాయమంటారు?"

"పాఠం మా అమ్మది" అంది ఆడపడుచు ముక్కు చీదుకుంటూ. "గిన్నెలు మా వదినవి. అలాగే రాయండి."

టేపులో తర్వాతి పాఠం మొదలైంది. ఇంకెవరో వాయిస్తున్నారు, వెనక గిన్నెలు మోగుతున్నాయి.

"ఈ అమ్మాయికి ఇంకా రాలేదు" అంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూ.