డల్సీ లేని మంచుబండి

డిసెంబర్ ఇరవై ఒకటి. ఉదయం ఏడూ పది.

కార్బిన్ మిల్స్ పోలీస్ స్టేషన్‌లో ఫోన్ మోగింది. చీఫ్ ఆడ్రీ పెల్కీ ఒక కాలికి బూటు తొడుక్కుంది. రెండోది ఇంకా చేతిలోనే ఉంది. రాత్రి ఒంటిగంట నుంచి తెల్లవార్లూ మంచు కురిసింది. నిద్ర లేదు. యాభై ఎనిమిదేళ్ళ నడుము ఆ సంగతి గుర్తు చేస్తోంది.

"ఆడ్రీ, నా గుర్రం పోయింది."

వెండెల్ కోబర్న్ గొంతు. డెబ్బై రెండేళ్ళవాడు. ఊరి చివర ఒంటరిగా ఉంటాడు.

"పోయిందంటే? చచ్చిపోయిందా?"

"లేదమ్మాయ్. కొట్టంలో లేదు. ఎవరో తోలుకుపోయారు."

ఆడ్రీ కళ్ళు మూసుకుంది.

డల్సీ మామూలు గుర్రం కాదు. ఊళ్ళో మంచుబండి లాగే ఒకే ఒక్క గుర్రం. ఎల్లుండి సాయంత్రం బోస్టన్ నుంచి పదకొండు కుటుంబాలు దిగుతున్నాయి. నలభై ఆరుగురు. నాలుగు రాత్రులు. గ్రెచెన్ లాసెల్ లాడ్జి మొత్తం వాళ్ళకే. చిన్న ఊళ్ళో, మంచులో, గుర్రం గంటలు వింటూ క్రిస్మస్ చేసుకోవాలని వాళ్ళ కోరిక. నవంబర్‌లో మంచు పడలేదు. ఒక్క అతిథి రాలేదు. ఈ నాలుగు రాత్రులూ చేజారితే జనవరిలో లాడ్జికి తాళం పడుతుంది. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు.

"దేన్నీ ముట్టుకోకండి వెండెల్. వస్తున్నా," అంది ఆడ్రీ.

దారిలో ఒక కారు కాలవలోకి జారి ఉంది. దాన్ని లాగించేసరికి ఆలస్యమైంది. వెండెల్ ఇంటి ముందు జీపు ఆపేసరికి ఎనిమిదీ నలభై. చలి సున్నాకి ఐదు డిగ్రీలు కింద.

వెండెల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కుడికాలు మీద బరువు వెయ్యడం లేదు.

"కాలికేమైంది?"

"ముసలితనం."

"చివరిసారి గుర్రాన్ని ఎప్పుడు చూశారు?"

"పొద్దున్న ఐదింటికి. గడ్డి వేశాను. నీళ్ళు పెట్టాను. ఏడింటికి మళ్ళీ వెళ్తే లేదు."

"మంచు ఎప్పుడు ఆగింది?"

"ఆరింటికి."

ఆడ్రీ ముంగిలంతా చూసింది. ఎనిమిది అంగుళాల కొత్త మంచు. ఇంటి నుంచి కొట్టానికి వెండెల్ అడుగులు ఒక వరస. రోడ్డు మీద నుంచి ముంగిట్లోకి ట్రైలర్ చక్రాల జాడ. గుండ్రంగా తిరిగి మళ్ళీ రోడ్డెక్కింది. కొట్టం తలుపుకి నలభై అడుగుల దూరంలోనే తిరిగింది.

గుర్రపు డెక్కల గుర్తు ఒక్కటీ లేదు.

"పద్దెనిమిది వందల పౌండ్ల జంతువు," అంది ఆడ్రీ. "నలభై అడుగులు గాల్లో ఎగిరి ట్రైలర్ ఎక్కిందా?"

వెండెల్ నవ్వలేదు. "గాలికి పూడిపోయాయేమో."

ఆడ్రీ కొట్టంలోకి వెళ్ళింది. కరెంటు లేని పాత కొట్టం. టార్చి వేసింది. గూట్లో గడ్డి ఉంది. పక్కన చెక్క తొట్టి. నీళ్ళ మీద మంచుగడ్డ. గోడకి ఆనించిన గొడ్డలి తీసి, వెనకవైపుతో కొట్టింది. మొదటి దెబ్బకి పగల్లేదు. మూడో దెబ్బకి పగిలింది. ఒక ముక్క తీసి వేళ్ళతో పట్టుకుని చూసింది. సెల్‌ఫోన్‌లో ఫోటో తీసింది. తర్వాత తొట్టి ఖాళీ చేసింది. బయట పంపు కొట్టి మళ్ళీ నిండా నీళ్ళు పోసింది.

"ఎందుకమ్మాయ్ అది? గుర్రమే లేదుగా," అన్నాడు వెండెల్.

"ఊరికే," అంది ఆడ్రీ.

టైము చూసింది. తొమ్మిది.

తొమ్మిదిన్నరకి లాడ్జి. వంటింట్లో దాల్చినచెక్క రొట్టెల వాసన. గ్రెచెన్ లాసెల్ పిండి చేతులతోనే ఎదురొచ్చింది. ఆడ్రీకి స్కూలు రోజుల నుంచి స్నేహితురాలు.

"దొరికిందా?"

"రెండున్నర గంటల క్రితమే ఫోనొచ్చింది గ్రెచెన్. నేను మంత్రగత్తెని కాదే."

"నాకు మంత్రగత్తే కావాలి. ఆవిడ లోపల కూర్చుని ఉంది. నన్ను వదిలెయ్, నువ్వే మాట్లాడు."

ఆవిడంటే డెనిస్ ఫ్లాహర్టీ. బోస్టన్ బృందానికి ఏర్పాట్లన్నీ ఆవిడవే. అన్నీ సరిచూసుకోవడానికి మూడు రోజులు ముందే వచ్చింది. భోజనాల బల్ల మీద లావుపాటి ఫైలు. లోపల రంగురంగుల చీటీలు. కళ్ళ కింద నల్లటి చారలు.

"జూన్ నుంచి ప్లాన్ చేస్తున్నా చీఫ్," అంది డెనిస్. "ఆరు నెలలు. మా పెద్ద ఆడపడుచుకి గోధుమ పడదు. చిన్నాడపడుచు మెట్లెక్కలేదు. మా మరిది రెండో పెళ్ళాం, మొదటి పెళ్ళాం ఒకే అంతస్తులో ఉండకూడదు. ఇవన్నీ సర్దాను. అందరూ ఒప్పుకున్నది ఒక్క మంచుబండి విషయంలోనే."

"రోజుకి ఎన్ని ట్రిప్పులు?"

"పన్నెండు. మొదటిది పదింటికి. చివరిది నాలుగూ పదిహేనుకి, సూర్యాస్తమయం వేళకి."

"నిన్న వెండెల్ దగ్గరికి వెళ్ళారా?"

"రెండింటికి వెళ్ళాను. గుర్రాన్ని చూశాను. బాగానే నిలబడింది. కాస్త దగ్గింది."

"వెండెల్ ఏమన్నాడు?"

"ట్రిప్పులు తగ్గించొచ్చా అన్నాడు. ఎవర్ని తగ్గించను? చెప్పండి, మీరే ఒక పేరు కొట్టెయ్యండి." ఫైలు ముందుకి తోసింది. "కుదరదన్నాను. సరే అన్నాడు. మంచివాడు. ఎవరికీ కాదనడట కదా?"

"అనడు," అంది ఆడ్రీ.

"నాలుగింటికల్లా గుర్రం సంగతి తేలాలి. లేకపోతే రద్దు చేసేస్తాను. దొంగ ఎవరో తెలిసే ఉంటుంది కదా? ఆ మోటారు బండ్లవాడు. నిన్న టిఫిన్ హోటల్లో నా ఎదురుగానే అన్నాడు, ముసలి గుర్రం కూలిపోతే అందరూ తన దగ్గరికే రావాలని. అరెస్టు చెయ్యరేం?"

పదీ ఇరవైకి ఆ మోటారు బండ్లవాడి షెడ్డు. పేరు ట్రావిస్ బూషే. ముప్పై నాలుగేళ్ళు. మంచు మీద నడిచే మోటారు బండ్లని ట్రైలర్‌లో చేరవేసి అద్దెకిస్తాడు. ఆడ్రీ రెండుసార్లు వేగంగా నడిపినందుకు, ఒకసారి పెళ్ళి ఊరేగింపులో తుపాకీ పేల్చినందుకు పట్టుకుంది.

"పొద్దున్న వెండెల్ ముంగిట్లోకి ఎందుకెళ్ళావు?"

"తిరగడానికి."

"ఏం తిరగడానికి?"

"ట్రైలర్ తిప్పడానికి చీఫ్! ఆ రోడ్డు మీద ఇంకెక్కడ తిప్పను? చర్చిలోనా? రోజూ ఆరూ ఇరవైకి అక్కడే తిప్పుతా. ఆయన్నే అడగండి."

"గుర్రం కూలిపోవాలని అన్నావట."

"అన్నాను. నోటి దూల. దొంగిలించి ఏం చేసుకుంటాను దాన్ని? పెట్రోల్ పోసి అద్దెకిస్తానా?"

ఆడ్రీ షెడ్డు అంతా తిరిగింది. ట్రైలర్‌లో గడ్డిపోచ లేదు. పేడ లేదు. గ్రీజు వాసన తప్ప ఏ వాసనా లేదు.

"నన్ను లోపలేస్తారా?" ట్రావిస్ గొంతు తగ్గింది. "ఆవిడ ఊరంతా చెబుతోంది. పొద్దున్నుంచి ముగ్గురు బుకింగ్ మానుకున్నారు."

"మూడింటికి లాడ్జికి రా," అంది ఆడ్రీ. "నోరు ఇంట్లో పెట్టి రా."

జీపులో కూర్చుని పశువుల డాక్టర్‌కి ఫోన్ చేసింది. మూడు నిమిషాలు విన్నది. ఏమీ రాసుకోలేదు.

పన్నెండూ నలభైకి మళ్ళీ వెండెల్ కొట్టం. ఇంట్లో వెండెల్ కుర్చీలోనే నిద్రపోతున్నాడు. లేపలేదు. టార్చి వేసింది. తొట్టి చూసింది. ఇంకో ఫోటో తీసింది.

కొట్టం వెనక పాత రైలు కట్ట ఉంది. పట్టాలు ఎప్పుడో పీకేశారు. అది చదునుగా అడవిలోంచి మూడు మైళ్ళు పోయి హెస్టర్ బ్లై పొలం దగ్గర తేలుతుంది. ఆడ్రీ ఆ కట్ట వైపు చాలాసేపు చూసింది. తెల్లగా, చదునుగా ఉంది. ఏ గుర్తూ లేదు.

హెస్టర్‌కి ఫోన్ చేసింది. అటువైపు నుంచి ఒక నిట్టూర్పు వినిపించింది. అది చాలు.

మధ్యాహ్నం మూడు గంటలు. లాడ్జి భోజనాల గది.

వెండెల్, గ్రెచెన్, డెనిస్, ట్రావిస్. నలుగురూ నాలుగు మూలలు. ఆడ్రీ కోటు విప్పకుండానే కూర్చుంది.

"గుర్రం క్షేమంగా ఉంది," అంది.

గ్రెచెన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. "దేవుడా! ఎక్కడ?"

"ముందు ఎప్పుడు పోయిందో చెబుతాను. ఐదింటికీ ఏడింటికీ మధ్య పోయిందనుకున్నాం. అందుకే ఆరూ ఇరవైకి పడ్డ ట్రైలర్ జాడ వెంట పడ్డాం. కానీ డెక్కల గుర్తులు లేవు. ఎందుకు లేవు?"

"గాలికి," అంది డెనిస్.

"గాలి డెక్కల్ని పూడ్చి, చక్రాల్ని వదిలేస్తుందా? లేవంటే, మంచు పడకముందే గుర్రం వెళ్ళిపోయింది. మంచు మొదలైంది రాత్రి ఒంటిగంటకి."

"కానీ వెండెల్ ఐదింటికి నీళ్ళు పెట్టారు కదా," అంది గ్రెచెన్.

ఆడ్రీ సెల్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. రెండు ఫోటోలు.

"నేను పాడి పశువుల మధ్య పెరిగాను. ఈ చలిలో గుర్రం తాగే తొట్టికి రోజూ రెండుసార్లు గొడ్డలి పడాలి. ఐదింటికి నీళ్ళు పెడితే, నేను చూసేసరికి మూడు గంటల నలభై నిమిషాలు. ఎంత గడ్డ కట్టాలి? నాకూ కచ్చితంగా తెలీదు. అందుకే తొట్టి నింపి, సరిగ్గా అంతసేపూ ఆగి చూశాను. రెండో ఫోటో అదే. వేలున్నర మందం."

మొదటి ఫోటో మీద వేలు పెట్టింది.

"పొద్దున్న ఉన్నది ఇది. నాలుగు వేళ్ళు. మూడు దెబ్బలు పడితే కానీ పగల్లేదు. ఈ ఉదయం ఆ తొట్టిని ఎవరూ ముట్టుకోలేదు. రాత్రీ ముట్టుకోలేదు. నిన్న సాయంత్రం నుంచే ఆ కొట్టంలో గుర్రం లేదు."

ట్రావిస్ మెల్లగా వెండెల్ వైపు తిరిగాడు.

"గుర్రం లేని కొట్టంలో గడ్డ కొట్టాలని ఎవరికి తోస్తుంది?" అంది ఆడ్రీ. "నలభై ఏళ్ళలో మీరు ఆ పని మానిన ఉదయం ఇదొక్కటే అయ్యుంటుంది. ఎంత దూరం నడిచారు వెండెల్?"

వెండెల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"రానూపోనూ ఆరు మైళ్ళు. నిన్న మధ్యాహ్నం మూడున్నరకి బయల్దేరాం. అది ఆగినచోటల్లా నేనూ ఆగాను. హెస్టర్ వద్దంటూనే తన కొట్టం తలుపు తీసింది."

"ఎందుకు?" గ్రెచెన్ లేచి నిలబడింది. "మీకు తెలుసు కదా నా పరిస్థితి? నాకు చెప్పొచ్చు కదా?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"అది ఇక బండి లాగలేదని పోయినేడు చెప్పాను. ఈ ఒక్క ఏడాదీ అన్నావు. అక్టోబర్‌లో చెప్పాను. ఈ ఒక్కసారీ అన్నావు. పశువుల డాక్టర్ దాని గుండె విన్న రోజు కూడా వచ్చాను. నువ్వు ఫోన్‌లో ఈవిడతో మాట్లాడుతున్నావు. పన్నెండు ట్రిప్పులని రాసుకుంటున్నావు. కాఫీ తాగి వెళ్ళిపోయాను."

"డాక్టర్ ఏమన్నాడు?" అడిగాడు ట్రావిస్.

"మొదటి రోజే బండి లాగుతూ పడిపోతుందన్నాడు," అంది ఆడ్రీ.

"జబ్బు చేసిందంటే ఇంకొక్కసారి అంటారు," అన్నాడు వెండెల్. "దొంగలెత్తుకుపోయిన గుర్రాన్ని ఇంకొక్కసారి అని అడగరు. అంతే. ట్రావిస్ జాడ ఉంటుందని తట్టలేదు. బాబూ, నన్ను క్షమించు."

"ఇరవై మూడేళ్ళ గుర్రం కోసం నన్ను జైలుకి పంపబోయారా?" అన్నాడు ట్రావిస్. కోపం తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు. "కనీసం నన్నడిగితే ట్రైలర్‌లో దింపేవాణ్ణి కదా. ఆ కాలేసుకుని ఆరు మైళ్ళేంటండీ?"

గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. అందరి కళ్ళూ డెనిస్ మీదకి వెళ్ళాయి. ఆవిడ ఫైలు తెరిచి ఉంది. ఫోన్ బల్ల మీద వణుకుతోంది. తెర మీద పెద్దాడపడుచు పేరు. ఎత్తలేదు.

"ఇంకో గుర్రం?" అడిగింది ఆవిడ.

"చుట్టుపక్కల అరవై మైళ్ళలో లేదు," అంది గ్రెచెన్. "పొద్దున్నుంచి అడుగుతూనే ఉన్నాను." డెనిస్ వైపు తిరిగింది. "రద్దు చేసుకుంటారా?"

డెనిస్ చీటీల వైపు చూసింది. ఫోన్ ఆగింది. మళ్ళీ మొదలైంది.

"రద్దు చెయ్యాలంటే పదకొండు కుటుంబాలకి ఫోన్ చెయ్యాలి," అంది. "ఒక్కొక్కరికీ కారణం చెప్పాలి. ఒక్కొక్కరూ అరగంట ఏడుస్తారు. తర్వాత ఇంకో చోటు వెతకమంటారు. నన్నే." ఫోన్ బోర్లా పెట్టింది. "నా వల్ల కాదు. రానివ్వండి. వచ్చాక చూసుకుంటారు. నేను మాత్రం మొదటి రెండు రోజులూ నిద్రపోతాను."

గ్రెచెన్ కుర్చీలో కూలబడింది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు చేసింది. ట్రావిస్ తన బండ్లు సగం అద్దెకిస్తానన్నాడు. డెనిస్ పూర్తిగా వినకుండానే తలూపింది.

ఆడ్రీ రిపోర్టు కాగితం తీసింది. దొంగతనం అన్న మాట కొట్టేసింది. తప్పుడు ఫిర్యాదు అని రాయాలి. కలం ఆగింది. కాసేపు ఆలోచించి, 'యజమానికి దొరికినది' అని రాసింది.

అప్పుడు గ్రెచెన్ కళ్ళు తుడుచుకుని వెండెల్ పక్కకి వచ్చి కూర్చుంది. అతని చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదే. ఒప్పుకుంటున్నా. బండి లాగొద్దు. అసలు లాగొద్దు." ఒక క్షణం ఆగింది. "కాకపోతే, ముంగిట్లో ఊరికే నిలబెడితే? పిల్లలు ఫోటోలు దిగడానికి. ఒక్క గంట. ఒక్క రోజు వెండెల్, ఈ ఒక్కసారీ."

ట్రావిస్ పైకప్పు వైపు చూశాడు. ఆడ్రీ నోరు విప్పబోయి మానుకుంది. ఇది పోలీసులు చేసే పని కాదు.

వెండెల్ గ్రెచెన్ చేతిని చూశాడు. అతని పెదవులు అలవాటు ప్రకారం కదిలాయి. సరే అనే మాట అక్కడిదాకా వచ్చినట్టే కనిపించింది.

"కుదరదు," అన్నాడు.

ఎవరికీ సరిగ్గా వినిపించలేదు. గ్రెచెన్ ముందుకి వంగింది. "ఏమన్నారు?"

"కుదరదు గ్రెచెన్."

ఈసారి గదంతా వినిపించింది. వెండెల్ చెయ్యి వెనక్కి తీసుకుని, టోపీ పెట్టుకుని, కుంటుకుంటూ తలుపు వైపు నడిచాడు.

ఆడ్రీ గడియారం చూసింది. మూడూ యాభై రెండు. రిపోర్టు అడుగున ఆ టైము వేసి, సంతకం పెట్టింది.