బంగారమ్మ మగదట

గోడమీది గుణదర్శిని నీలవేణి పేరు పక్కన ఆకుపచ్చ దీపం వెలిగించి "శాంతం" అని చూపించేటప్పటికి, ఆమె మొగుడి కాఫీలో పంచదారకు బదులు ఉప్పు వేస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తోంది. వెయ్యలేదు. అంత శ్రమకు ఉమాపతి తగడనిపించింది.

ఉమాపతి ఆమె ముఖం చూడలేదు. గోడను చూశాడు, తృప్తిగా తల ఊపాడు, కాఫీ అందుకున్నాడు. సాగరసౌధాల్లో మర్యాద తెలిసిన మగవాళ్లందరూ చేసే పనే అది.

భీమిలి తీరాన సముద్రాన్ని వెనక్కి నెట్టి కట్టిన ఆ సౌధాల్లో గుణదర్శిని లేని గోడ లేదు. మనిషికి మణికట్టు దగ్గర, పెంపుడు జంతువుకు మెడ దగ్గర, చర్మం కింద ఆవగింజంత నాడిబిందువు ఉంటుంది. ఊపిరి, గుండె వేగం, కండరాల బిగువు అది పట్టి గోడకు చేరవేస్తుంది. గోడ ఒక్కమాటలో తేల్చేస్తుంది: శాంతం, చంచలం, ఉగ్రం. బడిలో పిల్లల్ని ఏ వరుసలో కూర్చోబెట్టాలో, ఆఫీసులో ఎవరి పక్కన ఎవరుండాలో, లిఫ్టులో ఎవరు ఎవరితో ఎక్కవచ్చో అదే చెబుతుంది. "ఏమిటలా ఉన్నావు?" అని ఒకరినొకరు అడగడం పాతకాలపు మోటుతనంగా మారి, ఆ తరవాత మరుగున పడిపోయింది.

ఉమాపతి వృత్తి గుణవ్యాఖ్యానం. గోడ చెప్పిన ఒక్కమాటకు పది మాటలు చేర్చి నివాసులకు వివరించడం అతని పని. ఆ పది మాటల్లో తొమ్మిది అక్కర్లేనివని నీలవేణి అభిప్రాయం. పదోది తప్పని కూడా.

వీటికి తోడు అతనికి ఒక పామూ, ఆ పాము గురించి ఒక సిద్ధాంతమూ ఉన్నాయి. సౌధాల్లో కుక్కలు మొరుగుతాయని నిషేధించారు. పిల్లులు గోడలు గీకుతాయని వాటినీ నిషేధించారు. మిగిలింది బంతిచిలువ. ఆఫ్రికా నేలకు చెందిన పొట్టి కొండచిలువ అది. విషం లేదు, అరుపు లేదు, రెండు మూడు వారాలకు ఒకసారి తిండి. బెదిరితే తల మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, అంతే. ఉమాపతి తెచ్చుకున్నది ఆడదని అమ్మినవాళ్లు చెప్పారు. బంగారమ్మ అని పేరు పెట్టాడు.

"ఆడది భూమిలాంటిది," అని పెంపకందార్ల సభలో దాన్ని భుజాన వేసుకుని చెప్పేవాడు. "పెద్దగా పెరుగుతుంది, నిదానంగా ఉంటుంది, ఎవరెత్తుకున్నా ఒదుగుతుంది. మగది గాలిలాంటిది. చిన్నది, నిలకడ లేనిది, నమ్మరానిది."

ఆడవి పెద్దగా పెరుగుతాయన్న మాట ఒక్కటే నిజం. ఎదురింటి మగచిలువ మెడలో వేసుకుంటే దండలా పడి ఉండేది. కింది అంతస్తులోని ఆడది పెట్టె మూత తీస్తే చాలు, బుస కొట్టి మీదికి వచ్చేది. మొదటిది మందకొడిదని, రెండోదానికి మాతృత్వ స్పృహ ఎక్కువని ఉమాపతి వ్యాఖ్యానించాడు. వినేవాళ్లు రాసుకున్నారు కూడా. వాళ్లను చూస్తే నీలవేణికి జాలి కలగవలసింది. కలగలేదు. తెలివి ఉండి వాడనివాళ్ల మీద జాలేమిటి?

బంగారమ్మ పెట్టె కడిగేది, నీళ్లు మార్చేది, తిండి పెట్టేది నీలవేణి. కుబుసం విడిచే రోజుల్లో దాని కళ్లు పాలరంగుకు తిరుగుతాయనీ, అప్పుడు ముట్టుకోకూడదనీ ఆమెకే తెలుసు. ఉమాపతికి భుజాన వేసుకోవడం తెలుసు.

ఆ చలికాలం బంగారమ్మ తిండి మానేసింది. పెట్టెలో అటూ ఇటూ ఒకటే తిరుగుడు. గోడ మాత్రం "శాంతం, గర్భసూచన" అంది. జత లేకుండా గర్భమేమిటని నీలవేణి అడిగితే, మగతోడు లేకుండానే గుడ్లు పెట్టిన చిలువలు లోకంలో ఉన్నాయని ఉమాపతి పాఠం చెప్పాడు. అక్కడితో ఆగితే బాగుండేది. బంగారమ్మకు సీమంతం చేస్తానన్నాడు.

చేశాడు కూడా. అంతస్తులోని ఆడవాళ్లంతా వచ్చారు. పామును ఒడిలో పెట్టుకుని కూర్చునే పని నీలవేణిదే. పక్కింటి సన్యాసమ్మ పెట్టె చుట్టూ గాజుల దండ కట్టింది. ఉమాపతి వంగి బంగారమ్మ తలను ముద్దు పెట్టుకుని, మాతృత్వం గురించి మాట్లాడాడు. పిల్లల్ని కనని నీలవేణి పక్కనే ఉందన్న సంగతి అతనికి గుర్తు రాలేదు. గోడ ఆమెను శాంతం అంటూనే ఉంది.

గర్భం ధ్రువీకరించడానికి ఆ వేడుకకే విజయనగరం నుంచి సర్పవైద్యురాలు డాక్టర్ జరీనాను పిలిపించారు. నడివయసు మనిషి, మితభాషి. గాజుల దండను ఒకసారి చూసి పని మొదలుపెట్టింది. నీలవేణి ఒడిలో ఉన్న పామును అక్కడే ఉంచమని, తోక మొదట్లో సన్నని నున్నటి కడ్డీని మెల్లగా దూర్చి చూసింది.

"ఆడదైతే కొంచెం వెళ్లి ఆగిపోతుంది. ఇది చాలా లోపలికి పోయింది," అంది. "ఇది మగది. చలికాలం జోడు కోసం తిరుగుతాయి, తిండి మానేస్తాయి. జబ్బూ కాదు, గర్భమూ కాదు."



"మరి గాజులు కట్టేసాం కదమ్మా, ఇప్పుడేటి చేస్తాం?" అంది సన్యాసమ్మ.

జరీనా తన చేతిలోని తెరపలక మీద, గోడకు చేరే పాము వివరాల్లో ఆడ అన్నది కొట్టేసి మగ అని దిద్దింది. దిద్దిన క్షణంలోనే గోడ మీద ఆకుపచ్చ పోయి పసుపు వెలిగింది. "చంచలం. తాకడం మంచిది కాదు."

పాము కదల్లేదు. నీలవేణి ఎడమ చేతికి చుట్టుకుని, ఇందాకటిలాగే నాలుక ఆడిస్తోంది. ఇందాక దాని తల ముద్దు పెట్టుకున్న ఉమాపతి మాత్రం రెండడుగులు వెనక్కి వేశాడు. పెదవులు తుడుచుకున్నాడు. నీలవేణి అది చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు మొగుడి మీద ఉన్న చులకన ఎప్పుడూ ఇంత స్పష్టంగా రూపు కట్టలేదు.

మర్నాటి నుంచి అతను తోలు తొడుగులు వేసుకుని, కొక్కెం కర్రతో దాన్ని ఎత్తడం మొదలుపెట్టాడు. కర్ర వణికేది. వణికే కర్ర మీద ఏ పాము నిలుస్తుంది? అది బంతిలా చుట్టుకునేది. అతను కర్రతో పొడిచి విప్పబోయేవాడు. ఒకరోజు అది తల విసిరింది, మణికట్టు మీద సూదిగాట్లంత గీతలు పడ్డాయి. గోడ ఎర్రబడి "ఉగ్రం" అంది. ఉమాపతి బాధకంటే ఎక్కువగా ఆనందించాడని నీలవేణికి అనిపించింది.

"చూశావా, మగబుద్ధి. ఇన్నాళ్లూ దాచుకుంది," అన్నాడు.

సౌధమండలి సమావేశమై, పామును ఏకాంతశాలకు పంపాలని తీర్మానించింది. అక్కడికి వెళ్లినవి చీకటి పెట్టెల్లోనే ఉండిపోతాయి. తీర్మానం రాసిచ్చింది ఉమాపతే.

నీలవేణి జరీనాతో మాట్లాడింది. అదే పాము, అదే ఒడి, అదే ఊపిరి; మాట ఎందుకు మారిందని అడిగింది. జరీనా దాచకుండా చెప్పింది. యంత్రం నాడిని నిజంగానే పడుతుంది. అయితే ఆ నాడికి అర్థం ఏమిటన్నది, పూర్వం యజమానులు చెప్పిన మాటల నుంచి నేర్చుకుంది. ఆడది బిగుసుకుంటే ఓర్పు అన్నారు, మగది బిగుసుకుంటే కోపం అన్నారు. అందుకని ముందు ఆడో మగో చూసుకుని, తరవాత అర్థం చెబుతుంది. తాను ఇన్నేళ్లుగా వందల చిలువల్ని చూసిందనీ, వాటి స్వభావం దేనికది వేరుగా ఉంటుందే తప్ప ఆడామగా తేడాతో పెద్దగా మారదనీ, పట్టుకునే చేతిని బట్టి మాత్రం తప్పక మారుతుందనీ చెప్పింది.

"మరి మనుషులకో?" అంది నీలవేణి.

 "యంత్రం ఒకటే కదమ్మా," అంది జరీనా.

నీలవేణి ఆ మధ్యాహ్నమంతా వంటింటి గట్టు మీద కూర్చుని ఉండిపోయింది. పాలకొండలో తల్లి మంచాన పడ్డ వారం గుర్తొచ్చింది. వెళ్లాలని ఉందని ఉమాపతికి చెప్పింది, రెండోసారి చెప్పింది, మూడోసారి ఏడుస్తూ చెప్పింది. అతను ప్రతిసారీ గోడ చూశాడు. "శాంతంగానే ఉన్నావు కదా. మండలి సమావేశం అయ్యాక వెళ్దువులే," అన్నాడు. సమావేశం అయ్యేసరికి తల్లి లేదు. తన దుఃఖమే చాలినంత లేదేమో, అందుకే గోడకు అందలేదేమోనని నీలవేణి ఇన్నేళ్లూ లోలోపల తననే తప్పు పట్టుకుంది. అది గుర్తొచ్చి ఇప్పుడు ఆమెకు తన మీద కూడా ఏవగింపు కలిగింది. మొగుణ్ని వెధవ అనుకుంటూ, ఆ వెధవ నమ్మిన యంత్రాన్నే తానూ నమ్మింది.

ఎవరి వివరాలు వాళ్లు గోడ దగ్గరే దిద్దుకోవచ్చని నియమం ఉంది. ఉమాపతి ఎన్నో సభల్లో వివరించిన నియమమే. ఆమె లేచి, గోడమీద బొటనవేలు ఆనించి, తన పేరు కింద స్త్రీ అని ఉన్నచోట పురుషుడు అని మార్చింది.

గోడ ఒక్క క్షణం తడబడింది. ఆ తరవాత, ఆ ఇంట్లో ఆమె పేరు పక్కన ఎన్నడూ వెలగని ఎరుపు వెలిగింది. "ఉగ్రం. దీర్ఘకాలికం. దూరం పాటించండి."

సాయంత్రం వచ్చిన ఉమాపతి గుమ్మంలోనే ఆగిపోయాడు. గోడను చూశాడు, ఆమెను చూశాడు, మళ్లీ గోడను చూశాడు. చెప్పులు విప్పలేదు.

"ఏమైంది? నేనేమైనా... మీకేమైనా కావాలా?" అన్నాడు.

పెళ్లయ్యాక అతని నోట ఆమెకు 'మీరు' దక్కడం అదే మొదలు. నీలవేణికి నవ్వొచ్చింది, నవ్వలేదు. తాను చేసిన మార్పు చెప్పింది. తల్లి సంగతి అడిగింది.

"అప్పుడు శాంతం అనే ఉంది కదా," అన్నాడు అతను, గోడకు చెబుతున్నట్టు. "ఇలా ఉందని తెలిస్తే పంపేవాణ్ణే."

"నేను చెప్పాను. నోటితో చెప్పాను. ఏడ్చాను."

"అవును, కానీ..." అని అతను మళ్లీ గోడ వైపు చూశాడు.

అతను అబద్ధమాడటం లేదు. తెలిస్తే నిజంగానే పంపేవాడు. దుర్మార్గుణ్ని చేసుకున్నానని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. ఇప్పుడు చూస్తే అతనిలో దుర్మార్గం కూడా లేదు. అంత పనితనం అతనికి లేదు.

ఆ రాత్రి అతను వసారాలో పడుకున్నాడు. పక్కింటి సన్యాసమ్మ మర్నాడు సంగతి విని, కాసేపు చేతులు నలుపుకుని, "ఆ ఏలు ఎక్కడ పెట్టాలో నాకూ చూపించమ్మా, నీలమ్మా," అంది. ఆమెకు చూపించింది. ఆమె కింది అంతస్తులో చూపించింది. వారం తిరిగేసరికి సౌధంలో గోడ తరవాత గోడ ఎర్రబడింది. మొగుళ్లు టిఫిన్ డబ్బాలతో వరండాల్లో నిలబడిపోయారు. లోపలికి వెళ్లమని గోడ చెప్పడం లేదు. వెళ్లవచ్చా అని పెళ్లాన్ని అడగడం వాళ్లకు తట్టలేదు. గుణదర్శిని సంస్థ నిపుణులు వచ్చి, పరికరాల్లో ఏ లోపమూ లేదని తేల్చారు. లోపం లేని యంత్రంతో ఏం చెయ్యాలో తెలియక, మండలి సౌధం మొత్తంలో వాటిని ఆపేయించింది.

గోడలు తెల్లగా మిగిలాయి. అప్పుడు బయటపడింది అసలు సంగతి. భార్యలు కోపంగా ఉన్నారో లేదో మగవాళ్లకు తెలియడం లేదు. మగవాళ్లు బెంగగా ఉన్నారో లేదో ఆడవాళ్లకూ అంతంతమాత్రమే. ఒక తల్లి బిడ్డ ఏడుపు ఆకలితోనో నొప్పితోనో తేల్చుకోలేక, బిడ్డను తెల్లగోడ ముందు పట్టుకుని నిలబడింది. ఆ దృశ్యం చూసిన రోజు నీలవేణి ఎవర్నీ ఏమీ అనుకోలేదు. ఆమె ఈసడింపుకు అది అందలేదు.

జరీనా తన సర్పశాలలో నిలకడ గల చేతులు కావాలని అప్పటికే కబురు చేసింది. నీలవేణి వస్తానంది.

ఏకాంతశాల బండి రావలసిన రోజు ఉదయం ఆమె పామును బట్టసంచిలో వేసి, మూతి వదులుగా కట్టి, భుజానికి తగిలించుకుంది. చేతిలో బట్టల పెట్టె, కాళ్లకు చెప్పులు. గదిలోంచి బయటికి వచ్చేసరికి ఉమాపతి హాల్లో ఎదురుపడ్డాడు. వ్యాఖ్యానించడానికి గోడ లేక కొన్నాళ్లుగా అతను ఇంట్లోనే ఉంటున్నాడు. ఆమెను చూసి, గొంతు సవరించుకుని, కొత్తగా నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పే పిల్లవాడిలా అడిగాడు.

"ఎలా ఉన్నావు?"

అడిగి, ఆమె ముఖంలోకి చూశాడు. నిజంగానే చూశాడు. చదువు రానివాడు ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూసినట్టు, కళ్లు, నుదురు, పెదవులు ఒక్కొక్కటే వెతికాడు. ఆ ముఖంలో ఏముందో లిఫ్టు కోసం ఆగిన ముక్కూ మొహం తెలియని మనిషైనా, పాతకాలం వాడైతే, దూరం నుంచే చెప్పగలిగేవాడు.

నీలవేణి అతనికి కావలసినంత సమయం ఇచ్చింది.

"బాగున్నానండి," అంది చివరికి.

ఉమాపతి భుజాలు వదులయ్యాయి. "హమ్మయ్య," అని, పేపరు తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. కాఫీ ఎప్పుడిస్తావని అడగడానికి అతను తలెత్తేసరికి లిఫ్టు కిందికి దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది.