వేళ్ల మధ్య సందు

సాయంత్రం ఆరు కాగానే విశాఖపట్నంలో ప్రతి వంటింట్లోంచీ ఒకే చప్పుడు వస్తుంది. సన్నని గాజు గొట్టాల్లోంచి రసాలు దిగే చప్పుడు, ఆ వెనకే ఐసు ముక్కలు గిరగిరా తిరిగే చప్పుడు. 2081 నాటికి దాన్ని ఎవరూ పట్టించుకోవడం మానేశారు. ఒకప్పుడు పక్కింటికి కూర గిన్నె పంపినట్టు ఇప్పుడు గ్లాసు పంపుకుంటున్నారు. "మారేడు గుజ్జులో రమ్ము పోసి పైన వేయించిన జీలకర్ర చల్లించాను, రుచి చూడండి వదినా" అని గోడ మీదుగా ఒకరంటారు. "మా మేళకి నిన్న చింతచిగురుతో ఏదో చేసింది. తలకెక్కలేదు గానీ నాలుక ఊరుకోలేదు" అని ఇంకొకరు. బీచి రోడ్డు పొడవునా ఈ గ్లాసులు అమ్మే మేళశాలల్లో జనం సముద్రం వంక కన్నా ఎదుటివాళ్ల గ్లాసుల వంకే ఎక్కువగా చూస్తారు.

మేళకి అంటే కాక్‌టెయిల్ కలిపే యంత్రం. కుట్టు మిషనంత ఉంటుంది. లోపల నలభై రెండు గొట్టాలు. కొన్నింటిలో మద్యాలు, తక్కినవాటిలో నన్నారి, నిమ్మ, పచ్చిమామిడి, తాటిబెల్లం పాకం, కరివేపాకు సారం లాంటివి. దాని గొప్పతనం కలపడంలో లేదు. గ్లాసు అంచున వెంట్రుకంత సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. అది బయోసెన్సర్. తాగేవాళ్ల లాలాజలంలో మార్పులు పసిగడుతుంది. గ్లాసు ఒంటికి అంటిన చేతి నుంచి నాడి తెలుస్తుంది. ఆ రెండూ కలిపి మేళకి ఒక అంకె కడుతుంది. దాని పేరు కోరిక సూచి. మనిషికి ఇంకా ఎంత కావాలో ఆ అంకె చెబుతుంది.

కెమెరా మాత్రం పెట్టలేదు. తాగేచోట కన్ను ఉంటే ఎవరూ తాగరని రసమేళ ప్రయోగశాల అధిపతి డాక్టర్ కృపానందం మొదటే తేల్చేశారు.

ఆ ప్రయోగశాలలో రుచుల విభాగం అలివేలుది. ముప్పై ఒక్కేళ్ల మనిషి, మాట తక్కువ. విజయనగరం అవతల ఒక చిన్న ఊళ్లో కల్లు గీసే నాన్న వెనక తిరుగుతూ పెరిగింది. తెల్లవారి దింపిన కల్లుకీ ఎండెక్కాక అదే కుండలో మిగిలిన కల్లుకీ తేడా ఆమె నాలుకకి ఆరేళ్లకే తెలుసు. అది చదువుగా మారడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

మొదటి రకం మేళకికి ఒక చిక్కు వచ్చింది. మేళశాలల్లో అతిథులు సగం గ్లాసుకే "చాలు" అనేవాళ్లు. మేళకి బుద్ధిగా ఆగిపోయేది. వాళ్లు అసంతృప్తిగా ఇంటికి పోయేవాళ్లు. సూచి చూస్తే వందకి డెబ్భై, ఎనభై. ఇదేం లెక్కో ఇంజనీర్లకి అంతుపట్టలేదు.

"అది వద్దని కాదండీ, మొహమాటం" అంది అలివేలు ఒకరోజు సమావేశంలో. తర్వాత నాన్న సంగతి చెప్పింది. తాటితోపులో చుట్టాలు ఆకు దొప్ప పట్టుకుని కూర్చునేవాళ్లు. నాన్న పోయబోతే "చాలు బావా, చాలు" అంటూ దొప్ప మీద చెయ్యి అడ్డం పెట్టేవాళ్లు. నాన్న వాళ్ల మొహం వంక చూసేవాడు కాదు. "మాటినకమ్మా, ఏళ్లు సూడు" అనేవాడు కూతురితో. వేళ్లు అతుక్కుని ఉంటే కుండ పక్కన పెట్టేసేవాడు. వేళ్ల మధ్య సందు ఉంటే ఆ సందులోంచే పోసేవాడు. అందరూ నవ్వేవాళ్లు.

కృపానందం బల్ల చరిచారు. "ఇదేనమ్మాయ్ మనకి కావాల్సింది! మన వాళ్ల చాలు వేరు, ప్రపంచంలో వాళ్ల చాలు వేరు. దీనికి మొహమాట సవరణ అని పేరు పెట్టేద్దాం."

రెండేళ్లు పట్టింది. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, వనభోజనాల్లో తిరిగి అలివేలు నాలుగు వేల చాలులు సేకరించింది. గొంతు, నాడి, లాలాజలం, ఆ తర్వాత ఏం జరిగిందీ అన్నీ రాసుకుంది. మూడు వేల ఆరువందల ఎనభై ఎనిమిది సార్లు మనిషి చాలన్నాడు, సూచి కావాలంది, పోస్తే తాగాడు. మిగతా మూడువందల పన్నెండు అర్థం కాలేదు. సూచి తొంభై దాకా ఉంది. పోశారు కూడా. కానీ ఆ మనుషులు గ్లాసు ముట్టకుండా లేచి వెళ్లిపోయారు. సెన్సర్ తప్పు చూపించి ఉంటుందనుకుని ఆమె వాటి ఎదురుగా 'పొరపాటు' అని రాసి డేటాలోంచి తీసేసింది.

మనిషిని బలవంతపెట్టడానికి యంత్రానికి గొంతు కూడా కావాలి. పదకొండు గొంతులు పరీక్షించారు. అలివేలు గొంతుని ఒక్కరూ కాదనలేకపోయారు. "నీ గొంతుని కాదంటే పాపం తగులుతుందేమో అనిపిస్తుందమ్మాయ్" అని కృపానందం నవ్వారు. ఆమె సిగ్గుపడి సరేనంది.

ఒక సోమవారం పొద్దున్న సవరణ అన్ని మేళశాలల, ఇళ్ల మేళకిల్లోకీ అప్‌డేట్‌గా వెళ్లింది. అందులో భీమిలిలో ఉండే ఆమె అన్న సింహాద్రి ఇల్లు కూడా ఉంది.

సింహాద్రి సముద్రంలో అలల కరెంటు కేంద్రానికి మరమ్మతులు చేసే గజ ఈతగాడు. మూడేళ్ల కిందట భార్య పోయాక తాగుడులో పడ్డాడు. నీళ్లలోకి దిగే అనుమతి కార్డు లాక్కున్నారు. డాక్టర్లు ఒక్కసారిగా మాన్పించొద్దు, మెల్లగా తగ్గించమన్నారు. అలివేలే వెళ్లి మేళకి అమర్చింది. రోజుకి ఒక గ్లాసు, నెలనెలా అందులో మద్యం తగ్గుతూ రావాలి. రెండో గ్లాసు పడకుండా తాళం వేస్తానంటే అన్న ఒప్పుకోలేదు.

"తాళమేటే? నానేటి, పెట్టిలో పెట్టిన పామునా? నా నోటితో నానే చాలంటాను. అప్పుడది ఆగాల. అంతే."

తొమ్మిది నెలలు అలాగే అన్నాడు. అది అలాగే ఆగింది. ఇప్పుడు గ్లాసు నన్నారిలో రమ్ము చెంచాడు మాత్రమే. రాబోయే సోమవారం రక్తపరీక్ష. నెగ్గితే కార్డు తిరిగి వస్తుంది. ఓడితే శాశ్వతంగా రద్దు.

పరీక్షకి రెండు రోజుల ముందు, శనివారం సాయంత్రం, అలివేలు వేయించిన నెత్తళ్ల చేపలు డబ్బాలో పెట్టుకుని భీమిలి వెళ్లింది. సింహాద్రి తలుపు తీశాడు. గడ్డం మాసి ఉంది. కళ్ల కింద ఉబ్బు.

"ఏటే, సెప్పకండా వచ్చీసావు?" అన్నాడు, నవ్వబోయి.

ఆమె ఏమీ అడగకముందే వంటింట్లో ఐసు తిరిగిన చప్పుడైంది. ఆరు కొట్టింది. సింహాద్రి వెళ్లి గ్లాసు అందుకున్నాడు. రెండు గుక్కల్లో తాగి బల్ల మీద పెట్టాడు.

"చాలు" అన్నాడు.

గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. అలివేలు ఆ చేతి వంక చూసింది. అయిదు వేళ్లూ అతుక్కుని ఉన్నాయి. గోళ్లు తెల్లబడేంత గట్టిగా.

"అప్పుడే చాలేమిటి అన్నయ్యా?" అంది మేళకి, అలివేలు గొంతుతో. "మొహమాటపడకు. నాకోసం ఇంకొక్కటి."

"వొద్దమ్మా. చాలు."

"నా మీద ఒట్టే. ఈ ఒక్కటీ తీసుకో అన్నయ్యా."

సింహాద్రి చెల్లెలి వంక చూశాడు. తర్వాత యంత్రం వంక. ఒక్కో వేలూ వదులైంది. చెయ్యి పక్కకి జరిగింది. గొట్టంలోంచి నిండు గ్లాసు దిగింది, ఈసారి రమ్ముకి చెంచా లెక్క లేకుండా.

"తాగకు!" అలివేలు గ్లాసు లాక్కుంది. "మీట నొక్కి ఆపీయొచ్చు కదన్నయ్యా! పోనీ నాకు ఫోన్ చెయ్యొచ్చు కదా!"

"నీ గొంతే గదే అది." సింహాద్రి తల దించుకున్నాడు. "నువ్వు అన్నయ్యా అని అడుగుతంటే మొకం మీద మీట నొక్కీమంటావా? సోమారం నుంచీ అడుగుతన్నాది. రోజుకి నాలుగు, అయిదు. మొదట్రోజు నువ్వే పరీక్షగాని పెట్టావేమో అనుకున్నాను. తర్వాత... తర్వాతేటి, నాకూ కావాలి గదా."

అలివేలు మేళకి ముందు కూర్చుంది. ప్రయోగశాల వాళ్ల సంకేతం చెప్పి అడిగింది. "ఆయన రెండుసార్లు చాలన్నాడు. ఎందుకు ఆగలేదు?"

"నోరు చాలంది. లాలాజలం అనలేదు. సూచి తొంభై నాలుగు."

"మాటా ఒళ్లూ ఎదురు తిరిగితే మాట అబద్ధమేనా?"

"మీరు నేర్పిన నమూనాలన్నింటిలోనూ అబద్ధమే. మూడు వేల ఆరువందల ఎనభై ఎనిమిదికి మూడు వేల ఆరువందల ఎనభై ఎనిమిది."

"మూడువందల పన్నెండు వేరేవి ఉండాలి."

"అవి పొరపాట్లు. మీరే తీసేశారు."

తన గొంతే తనకి జవాబు చెబుతుంటే అలివేలుకి అర్థమైంది. ఆ మూడువందల పన్నెండు మంది సెన్సర్ తప్పు కాదు. ఒళ్లంతా కావాలంటున్నా పళ్లు బిగించి చాలన్న మనుషులు. మానాలనుకుంటున్నవాళ్లు. నాన్న అయితే వేళ్లు చూసి ఆగేవాడు. ఈ యంత్రానికి ఆమె అన్నీ నేర్పింది, వేళ్లు తప్ప.

మేళకిని పీకి ఆటోలో వేసుకుని వచ్చేసింది. కానీ రక్తంలోంచి ఆరు రోజులు పీకడం ఎవరి వల్లా కాలేదు. సోమవారం మధ్యాహ్నం సింహాద్రి ఫోన్ చేశాడు.

"కార్డు రద్దయిపోయింది. నువ్వు ఏడవకే. నీ తప్పేటున్నాది? నువ్వు పోశావు, నాను తాగాను."

ఆ మాట అతను కోపంగా అని ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది.

ఆ సాయంత్రమంతా డేటా తిరగేసింది. సవరణ వెళ్లిన ఎనిమిది రోజుల్లో, ఒకే సాయంత్రం మూడుసార్లు, ఒకే మనిషి చాలన్న ఇళ్లు యాభై వేల పైచిలుకు. అన్నింట్లోనూ మేళకి పోసింది. ఆ ఇళ్లన్నింట్లో అడిగింది ఆమె గొంతే.

దీన్ని ఆపడానికి ఒక మార్గం ఉంది. ఏ ఆవిష్కరణకైనా బాధ్యత వహించిన శాస్త్రజ్ఞురాలు నిలుపుదల పత్రం రాసి పాలకమండలి ముందు పెడితే, ఆ నిమిషం నుంచే అది అన్ని ఇళ్లలో ఆగిపోతుంది. కారణం ఒప్పించనక్కర్లేదు. పత్రం బల్ల మీద పెడితే చాలు. మండలి మంగళవారం నాలుగింటికి; ఆలోపే పత్రం పెట్టాలి. ఆ తర్వాత మూడు నెలలకి గానీ కలవదు.

మంగళవారం మూడున్నరకి ఆమె పత్రం సంచిలో పెట్టుకుని మేడ మీది హాలుకి వెళ్లింది. కిటికీల్లోంచి సముద్రం తళతళలాడుతోంది. బల్ల మధ్యలో కొత్త మేళకి, చుట్టూ గ్లాసులు, పక్కన నింపిన జగ్గు. మండలి సభ్యులు ఆరుగురూ అప్పటికే నవ్వుల్లో ఉన్నారు.

"రా అమ్మాయ్, రా!" కృపానందం ఎదురొచ్చారు. "నీ కోసమే ఆగాం. మేళశాలల వాళ్లు ఒకటే పొగడ్తలు! ఇవాళ నీకు సన్మానం."

"సార్, మీతో ఒక మాట... సవరణ ఆపాలండీ. ఇవాళే. మా అన్నయ్య..."

గొంతు తగ్గించి అంతా చెప్పింది. ఆయన మొహంలో నవ్వు పోయింది. నిజంగానే బాధపడ్డారు. ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

"అయ్యయ్యో. ఎంత పని జరిగిందమ్మా. తప్పకుండా చూద్దాం. నేనే దగ్గరుండి సరిచేయిస్తాను. కానీ ఇవాళ వద్దు తల్లీ. వీళ్లంతా నీ కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. వచ్చే మండలికి పెడదాం, సరేనా?"

"వచ్చే మండలి అంటే మూడు నెలలు సార్. అప్పటిదాకా..."

"నా మాట కాదంటావా? నిన్ను కూతురిలా చూసుకున్నాను. ఈ పూటకి పెద్దవాణ్ణి, నా మొహం చూడు. ముందు కూర్చో. ఒక గుక్క తాగు, మనసు కుదుటపడుతుంది."

గ్లాసు చేతికిచ్చారు. ఆరుగురూ ఇటు తిరిగి చూస్తున్నారు. అందరి మొహాల్లోనూ ఆప్యాయతే. అలివేలు పెదవికి ఆనించి బల్ల మీద పెట్టింది.

"చాలండీ" అంది.

గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టింది. మేళకి ఒక క్షణం ఆగింది. గొట్టం కదల్లేదు.

"ఈవిడకి నిజంగానే వద్దండీ" అంది మేళకి, ఆమె గొంతుతోనే. స్పష్టంగా, తడబడకుండా. "సూచి సున్నా. దయచేసి బలవంతపెట్టకండి."

అలివేలు తల ఎత్తింది. తను అనలేకపోతున్న మాట తన గొంతులోనే వింది. చెయ్యి సంచి దాకా వెళ్లింది. కాగితం అంచు వేళ్లకి తగిలింది.

కృపానందం పకపకా నవ్వారు. "చూశారా! ఎంత నేర్పినా యంత్రం యంత్రమే. మర్యాద దీనికెక్కడ తెలుస్తుంది?" జగ్గు తన చేత్తోనే అందుకున్నారు. "మా అమ్మాయి సంగతి నాకు తెలీదూ? పట్టమ్మా. నాకోసం."

అందరూ నవ్వారు. ఆమె పెదవులు కూడా, తనకి తెలియకుండానే, నవ్వాయి. సంచిలోకి వెళ్లిన చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది. గోడ గడియారంలో నాలుగైంది. గ్లాసు మీద ఇంకో చెయ్యి అలాగే ఉంది. జగ్గు వంగింది.

అలివేలు తన చేతి వంక చూసుకుంది. వేళ్ల మధ్య సందు ఉంది. అందులోంచే పోశారు.