సగం మాత్ర

పొద్దున్నే టైలరు కుట్టుమిషను ముందు కూర్చుని, సుద్దముక్క పక్కకి జరిపి, కొత్త బ్లేడుతో చిన్న మాత్రని సరిగ్గా మధ్యకి కోశాడు. ఒక సగం భార్య అరచేతిలో పెట్టాడు. రెండో సగం మందుల డబ్బా అడుగుకి తోసేశాడు.

ఆవిడ గుండె కొంతకాలంగా లయ తప్పింది. ఉన్నట్టుండి దడ, నాలుగడుగులకే ఆయాసం. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి, గుండెలో ఆ దడ పుట్టేచోట కాల్చేస్తానన్నాడు డాక్టరు. అందాకా రక్తం పల్చబడే మాత్ర ఒక్కపూట కూడా తప్పకూడదన్నాడు. అది మొదలుపెట్టాక ఆవిడ చేతుల నిండా నీలం మచ్చలు లేచాయి. కూర తరుగుతూ వేలు కోసుకుంటే నెత్తురు ఓ పట్టాన ఆగలేదు. ఆ సాయంత్రమే ఆయన బ్లేడు తీశాడు. ఎక్కువైనదాన్ని కత్తిరించి సరిచేయడమే ఆయనకి తెలిసిన విద్య.

రేపే ఆపరేషను. సంచి సర్దడానికి వచ్చిన కూతురు మందుల డబ్బా చూసి ఆగిపోయింది.

"నాన్నా, ఈ సగం ముక్కలేంటి?"

"మీ అమ్మకి అంత మందు ఎక్కువవుతోంది. చేతులు చూశావుగా."

"చొక్కా వదులైందని కుట్టు బిగించినట్టు మందు తగ్గించేశారా?" అంది కూతురు. "దడ వచ్చినప్పుడు గుండెలో రక్తం నిలిచి గడ్డకట్టొచ్చని డాక్టరు చెప్పలేదూ? రేపు తీగ తగిలి ఆ గడ్డ కదిలితే తిన్నగా మెదడుకే పోతుంది. అమ్మకి మాట పడిపోతే ఏం చేస్తారు?"

టైలరు చేతిలోని బ్లేడు కింద పెట్టాడు. "నేనూ మెదడు గురించే భయపడ్డానమ్మా. చేతిమీద వచ్చిన మచ్చ తల లోపల కూడా వస్తే? పొద్దున లేచి నన్ను చూసి, ఎవరండీ మీరు అంటే?"

ఆయన కళ్లు తుడుచుకోవడం కూతురు ఎప్పుడూ చూడలేదు.

"నాకు తెలుసు సగమేనని," అంది భార్య నెమ్మదిగా. "అడిగితే ఈయన బెంగ ఇంకా పెరుగుతుందని ఊరుకున్నాను. నాదీ తప్పే."

కూతురు డాక్టరుకి ఫోను చేసింది. ఆయన రేపటి ఆపరేషను వాయిదా వేసి, వెంటనే రమ్మన్నాడు.

ఆసుపత్రిలో ఆవిణ్ణి పరీక్షించాక డాక్టరు టైలరుని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "ముందే తెలియడం మంచిదైంది. కొన్ని వారాలు మాత్ర పూర్తిగా వేసుకోవాలి. గుండెలో గడ్డ లేదని స్కాన్‌లో చూశాకే తీగ వేస్తాను."

"అప్పుడు ఏమీ కాదుగా డాక్టరుగారూ?"

"చాలా అరుదు అనగలను. అసలు కాదు అని మాత్రం అనలేను. మచ్చలొస్తే నాకు చెప్పండి, మీరు తగ్గించకండి."

టైలరు తలొంచుకున్నాడు. పక్కనే ఉన్న భార్య ఆయన్ని మోచేత్తో పొడిచింది. "ఒకవేళ మిమ్మల్ని మర్చిపోయాననుకోండి, మళ్లీ పరిచయం చేసుకోండి. పోయినసారి నోరు విప్పడానికే ఏడాది పట్టింది మీకు. ఈసారన్నా త్వరగా కానివ్వండి."

డాక్టరు మందుచీటీ కూతురి వైపు జరిపాడు. "ఇకనుంచి మాత్రలు ఇచ్చేదెవరు?"

"నేనే," అంది కూతురు.

"కాదు," అంది ఆవిడ. చీటీ తీసి మొగుడి చేతిలో పెట్టి, ఆయన వేళ్లు మూసింది. "ఈయనే ఇస్తారు."