పాట రాని ఇల్లు

డిసెంబరు వచ్చిందంటే స్వరూపకు పండగ కన్నా ముందు నడుము నొప్పి వస్తుంది. బడిలో ఆయా పని, ఇంట్లో అత్త సుందరమ్మ మందులు, పైగా గోడలకు సున్నం, దుప్పట్ల ఉతుకుడు, పిండి పట్టించుడు. ఆ మంగళవారం పొద్దున పొయ్యి దగ్గర నిలబడి, ఈ యేడు పండగ రాకుంటే ఏం పోయిందిలే అనుకుంది. అనుకున్నందుకు వెంటనే దేవుడికి క్షమాపణ కూడా చెప్పుకుంది.

శాలిబండలో వాళ్లుండే గల్లీ, దాని వెనక గల్లీ కలిపి ముప్పై ఎనిమిది ఇళ్ల క్రైస్తవ సంఘం వాళ్లది. తాతల నాడు కల్వకుర్తి దిక్కు నుంచి ఒకే ఊరి జనం కూలికి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. అందుకే పట్నం నడిబొడ్డున ఉన్నా అది ఊరే. ఒకరింట్లో తుమ్మితే మరొకరింట్లో దీవిస్తారు. క్రిస్మస్‌కు ముందు సాయంత్రాలు ఇంటింటికీ వెళ్లి పాటలు పాడతారు. ఏ రోజు ఏ ఇళ్లకో జాబితా రాసి ఆదివారం ఆరాధనలో చదివేది స్వరూప భర్త డానియేలు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కు, సంఘానికి కార్యదర్శి. ఇరవై రెండేళ్లుగా ఆ పని అతనిదే.

పాటలకు ఒక ఆనవాయితీ ఉంది. ఆ యేడు చావు జరిగిన ఇంటి ముందు పాడరు. జాబితాలో ఆ ఇంటి పేరే ఉండదు. మొన్న ఆదివారం డానియేలు చదివిన జాబితాలో ముప్పై ఏడు ఇళ్లే ఉన్నాయి. లేనిది అతని ఇల్లే.

అత్తకు జ్వరమని స్వరూప ఆ రోజు ఆరాధనకు పోలేదు. సంగతి శారదమ్మ వల్ల బయటపడింది. వెనక గల్లీ శారదమ్మకు సంఘంలో తెలియని విషయం లేదు, తెలిశాక ఆమె దగ్గర ఆగే విషయమూ లేదు. మంగళవారం పొద్దున ఎనిమిదింటికి టిఫిన్ క్యారియర్‌తో వచ్చి, స్వరూప చేతులు పట్టుకుని కళ్లొత్తుకుంది. చావింట్లో పొయ్యి వెలిగించరు కనుక అన్నం, పప్పు తెచ్చానంది. జాబితాలో మీ ఇంటి పేరు చదవలేదంటే పోయినవాళ్లు స్వరూప పుట్టింటి వాళ్లా, కబురైనా ఎందుకు చేయలేదని నిష్ఠూరమాడింది.

స్వరూపకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మంచం మీదున్న సుందరమ్మకే ముందు తట్టింది. డ్యూటీకి తయారవుతున్న కొడుకును పిలిచింది.

"డానేలూ, మనింటి పేరు ఎందుకు రాయలే?"

చొక్కా గుండీలు పెట్టుకుంటూ అతను ఏదేదో చెప్పాడు. ఇంట్లో ఎవరికీ ఓపిక లేదన్నాడు. నలభై మందికి చాయ్ పెట్టాలంటే స్వరూపకు కష్టమన్నాడు. ఇన్నేళ్లలో భార్య కష్టం అతనికి గుర్తుకు రావడం అదే మొదలు. స్వరూప నమ్మలేదు.

అసలు సంగతి లోపలి గదిలో ఉంది. పెళ్లయి రెండేళ్లయిన కూతురు ప్రీతి సెప్టెంబరులో ఎడమచేతికి కట్టుతో వచ్చింది. బాత్రూంలో జారిపడిందని అందరికీ చెప్పారు. భర్త మెలిపెట్టి విరిచాడని ఇంట్లో నలుగురికే తెలుసు. కట్టు విప్పి నెల దాటినా ఆమె తిరిగి వెళ్లలేదు. పాటల వాళ్లు లోపలికొస్తే నలభై నోళ్లు అడుగుతాయి. పేరు రాయకుంటే లొల్లి ఉండదనుకున్నాడు డానియేలు. రాయకపోతే జనం ఏమనుకుంటారో, ఇరవై రెండేళ్లుగా రాస్తున్నవాడికే తట్టలేదు.

"మనింట్ల ఎవరు సచ్చిండ్రో జెప్పు," అంది సుందరమ్మ.

అతను జవాబు చెప్పేలోపే ప్రీతి సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చింది. ఎడమచేత్తో సంచి అదిమి పట్టలేక జిప్పు తెరిచే ఉంది.

"నేను పోత బాపూ. ఇయ్యాల్నే పోత. మనిల్లు రాయి."

ఆమె కళ్లల్లో నీళ్లు లేవు. డానియేలు వద్దని వెంటనే అనలేదు. అందుకు అతను తర్వాత ఎన్నోసార్లు సిగ్గుపడ్డాడు.

సుందరమ్మ గోడ పట్టుకుని లేచింది.

"పోయిన యేడు ఎనక గల్లీ ఆగయ్య తన బిడ్డను సర్దుకొమ్మని అత్తింటికి పంపిండు, పీనుగను తెచ్చుకున్నడు. వానింటి ముందల పాడలే, న్యాయమే. మన పిల్ల పానంతోని ఇంటికొచ్చింది రా. దానికి పాట పాడొద్దా?"

డానియేలు ప్రీతి భుజం మీది సంచి తీసుకున్నాడు. తలుపు దగ్గర శారదమ్మ ఇంకా నిలబడే ఉంది. అతను ఆమె ముందుకు వెళ్లాడు.

"అక్కా, ఎవరు పోలే. నేనే తప్పు జేసిన. అల్లుడు మా ప్రీతి చెయ్యి ఇరగ్గొట్టిండు. జారిపడ్డదని మీకు అబద్ధం జెప్పిన. ఇంక దాన్ని పంప. శుక్రారం పాటకు మా ఇంటికి రండ్రి. అందరికి జెప్పు."

అందరికీ చెప్పమని శారదమ్మను బతిమాలినవాడు ఆ సంఘంలో అతనొక్కడే. ఆమె తల ఊపి, ప్రీతి చెంప నిమిరి వెళ్లిపోయింది.

"జనం నానా మాటలంటరు బాపూ," అంది ప్రీతి.

"అననీ. మూడు నెలల సంది నీ మొకం సూడలేకపోయిన బిడ్డా. నువ్వు ఇంటికొచ్చినవని కాదు. ఆ సంబంధం మంచిదని నిన్ను పంపింది నేనే గద."

చేయి విరిగిన రోజు కూడా ఏడవని ప్రీతి అప్పుడు ఏడ్చింది. డానియేలు సంచి కింద పెట్టడం మరిచి ఆమెను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. డ్యూటీకి ఆలస్యమవుతోందని ఇంట్లో ఎవరూ గుర్తుచేయలేదు.