అశ్విని మాటల పెట్టె

ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి రోజా ముందుగదిలోకి వచ్చేసరికి, అశ్విని అప్పటికే కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని ఉంది. ఏడేళ్ల పిల్ల. లేవగానే మొహమైనా కడుక్కోకుండా అక్కడికే వస్తుంది. తల్లి స్విచ్ వేసేదాకా మౌస్ మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తుంది.

రోజా స్విచ్ వేసింది. లోపల ఫ్యాను తిరిగిన చప్పుడైంది గానీ ఎప్పుడూ వచ్చే నీలం తెర రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు వరసలు వచ్చి ఆగిపోయాయి. ఆపి మళ్లీ వేసింది. మళ్లీ అవే.

"ఏమండీ, ఒకసారిలా రండి. ఏటో డిస్క్ ఎర్రర్ అని వస్తంది."

ఉమామహేష్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. వడ్డాదిలో ఎరువుల కొట్లో గుమాస్తా. బస్సు వేళ దగ్గర పడుతోంది. వైర్లన్నీ ఊడదీసి మళ్లీ పెట్టాడు. పెట్టె మీద అరచేత్తో ఒకసారి తట్టాడు. అంతకుమించి అతనికీ ఏమీ తెలియదు.

అశ్వినికి మాటలు రాలేదు. వినబడుతుంది, అర్థమవుతుంది, నోట్లోంచి మాట మాత్రం రాదు. ప్రత్యేక పిల్లల బడిలో టీచరమ్మ బొమ్మల పద్ధతి చెప్పింది. ఆ రోజు నుంచి రోజా ఇంట్లో ఒక్కో వస్తువునూ ఫొటో తీసి, కంప్యూటర్లో పేజీలుగా పేర్చి, ప్రతి బొమ్మకూ తన గొంతు రికార్డు చేసి పెట్టుకుంటూ వచ్చింది. ఇడ్లీ బొమ్మ నొక్కితే "ఇడ్లీ కావాలి" అంటుంది. కిందటి వానాకాలం జ్వరంలో పిల్ల తనంతట తనే చెవి బొమ్మ నొక్కి "చెవి నొప్పి" అనిపిస్తే, రోజా ఆసుపత్రికి వెళ్తూ దారంతా ఏడ్చింది. నొప్పికి కాదు, పిల్ల చెప్పగలిగినందుకు. ఇవే బొమ్మలు ఫోన్లో పెట్టి ఇస్తే మాత్రం విసిరికొట్టేది, అందుకని రోజా వాటిని ఫోన్లోంచి తీసేసింది. ఆ తెరే కావాలి, ఆ మౌసే కావాలి.

అశ్విని నల్లటి తెర మీద నొక్కింది. ఇంకోసారి, గట్టిగా. తల్లి మొహంలోకి చూసింది. తర్వాత కీచుమని అరిచి తన మణికట్టు తనే కొరుక్కుంది.

"వద్దమ్మా, వద్దు! ఇదిగో ఇడ్లీ, చూడు..." రోజా ప్లేటు తెచ్చి చూపించింది. పిల్ల ప్లేటు తోసేసింది. నీళ్లు చూపిస్తే నీళ్లూ తోసేసింది. ఏం కావాలో ఎవరికీ తెలియలేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ అత్తగారు సన్యాసమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

ఉమామహేష్ ఆ రోజు కొట్టుకి వెళ్లలేదు. పిల్లని సన్యాసమ్మకి అప్పజెప్పి, మొగుడూ పెళ్లాలు పెట్టెని పక్కింటివాళ్ల బండి మీద పెట్టుకుని చోడవరం బస్టాండు వెనక సందులో ఉన్న దాసు షాపుకి తీసుకెళ్లారు. దాసు మూత విప్పి, పెన్‌డ్రైవ్ పెట్టి ఏదో చూశాడు.

"పాత డిస్కండి. నడుస్తన్నప్పుడు కరెంటు తీసేస్తే ఇలాగే అవుద్ది. లోపలున్నవి ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకున్న చోటు చెడిపోయింది. ఇవాళ కాకపోతే ఇంకోనాడైనా ఇబ్బంది పెట్టేదే. కాపీ ఏదైనా ఉంచేరా?"

రోజా తల అడ్డంగా ఊపింది.

"రిపేరుకి పెట్టేను. అది చెక్ చేసుకుంటా పోతాది, మధ్యలో ఆపకూడదు. రావచ్చు, రాకపోవచ్చు. నా చేతిలో లేదమ్మా."

తెర మీద ఒక అంకె కదిలి ఆగింది. ఎంతసేపు చూసినా కదలలేదు. ఆ డిస్కులో తన గొంతుంది, పిల్ల ఆకలుంది, నొప్పుంది. దాన్ని పట్టి లాగే ఉపాయం ఏదీ లేక రోజా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయింది. చివరికి దాసే అన్నాడు, "ఇంటికెళ్లండమ్మా. నాను ఫోన్ చేస్తాను."

ఇంటికొచ్చేసరికి అశ్విని ఏడ్చి ఏడ్చి గచ్చు మీదే నిద్రపోయింది. పక్కన సన్యాసమ్మ విసురుతూ కూర్చుంది.

"కరెంటు తీసేస్తే అవుద్దన్నాడు," అంది రోజా మొగుడితో. "నిన్న మీరేనా ఆపేరు?"

"నేనెందుకు ఆపుతాను? నేను నీకంటే ఆలస్యంగా వచ్చేను కదా."

"మరెవరు ఆపేరు? అక్కని చూసొద్దామని ఒక్క పూట దేవరాపల్లి వెళ్లేను. ఒక్క పూట! నేను లేకపోతే నా పిల్ల నోరు కూడా కాపాడలేకపోయేరా ఈ ఇంట్లో?"

"అరవకు. పిల్ల లేస్తాది."

"లేస్తే ఏటి చెప్తాది? ఏటని చెప్పగలదు?"

విసనకర్ర ఆగింది.

"నానే కట్టీసేను," అంది సన్యాసమ్మ.

ఇద్దరూ తిరిగి చూశారు.

"గోడ కాడ స్విచ్ నొక్కీసేను. అదిలాగ పాడైపోద్దని నాకు తెల్దే రోజా. పొద్దున్నుంచీ సెప్దారంటే నోరు రాలేదు."

"తెలియకపోతే ముట్టుకోవడం ఎందుకత్తా? మొదట్నుంచీ మీకు అదంటే పడదు. బొమ్మలు నొక్కితే మాటలొచ్చేస్తాయా అని నలుగురిలో నవ్వేరు. నాకు గుర్తులేదనుకున్నారా?"

"నవ్వేను. కాదన్ను." అంది సన్యాసమ్మ. "నిన్న నీ బస్సు రాలేదు. సీకటడిపోయింది. మన గుంట అశ్విని ఒక్క బొమ్మే నొక్కతంది. 'అమ్మ కావాలి, అమ్మ కావాలి' అని. నీ గొంతుతోటే. నాను ఎత్తుకున్నాను. అన్నం కలిపేను. నానున్నాను కదే, నానున్నాను కదే అని సెప్పేను. ఇనదే! అది నొక్కతానే ఉంది, నువ్వు ఆ పెట్టెలోంచి అడుగుతానే ఉన్నావు. ఆ గొంతు ఇనలేక కట్టీసేను."

సన్యాసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఒక్కటడుగుతానే. దాన్లో ఇంటి ముందు గేదుంది. పక్కింటి కుక్కుంది. మరి నా బొమ్మ నువ్వెప్పుడైనా ఎట్టేవా? మామ్మ కావాలని ఆ గుంటకి ఉన్నా, ఎక్కడ నొక్కుద్ది?"

రోజా పేజీలన్నీ మనసులో తిప్పి చూసుకుంది. ఇంట్లోవాళ్ల పేజీలో తనుంది, నాన్న ఉన్నాడు. కూరలున్నాయి, బట్టలున్నాయి, గేదె ఉంది. పిల్లకి పుట్టినప్పటి నుంచీ నూనె రాసి నీళ్లు పోసిన మనిషి లేదు. మర్చిపోయి కాదు. ఆ నవ్వు గుర్తుండి, రోజూ రేపు పెడదాంలే అనుకుంటూ దాటేసింది.

ఆమె వెళ్లి గచ్చు మీద అత్తగారి పక్కన కూర్చుంది. "తప్పు చేసేను," అంది. సన్యాసమ్మ ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. ఉమామహేష్ గుమ్మంలో నిలబడి వీధిలోకి చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు దాసు ఫోన్ చేశాడు. కంప్యూటర్ తెరుచుకుంది గానీ ఫైళ్ల పేర్లన్నీ పోయి వట్టి అంకెలు మిగిలాయి. ఫొటోలు చాలామటుకు దొరికాయి. గొంతులు దాదాపు ఏవీ తెరుచుకోలేదు. ఇంకేమీ చెయ్యలేనన్నాడు.

ఆదివారం ముగ్గురూ ఇంటికి తెచ్చుకున్న కంప్యూటర్ ముందు అశ్వినితో కూర్చున్నారు. ఏ బొమ్మ ఏ పేజీదో ఉమామహేష్ ఏరి పెడుతున్నాడు. రోజా ఒక్కో మాటా మళ్లీ రికార్డు చేస్తోంది. నీళ్లు కావాలి. చెవి నొప్పి. అయినవాటినే అశ్విని నొక్కుతోంది, లేనివాటి కోసం ఇంకా ఏడుస్తోంది. ఎన్నాళ్లు పడుతుందో ఎవరికీ తెలియదు.

మధ్యలో రోజా ఫోన్ తీసి అత్తగారి మొహం ఫొటో తీసింది. "మీ గొంతుతోనే చెప్పండత్తా."

సన్యాసమ్మ సిగ్గుపడి, గొంతు సవరించుకుని, "మామ్మ కావాలి," అంది. రెండోసారికి గొంతు సరిగ్గా వచ్చింది.

బొమ్మ తెర మీదకి వచ్చింది. అశ్విని దాన్ని చూసింది, నొక్కలేదు. పక్కనున్న నీళ్ల బొమ్మ నొక్కింది.

"ఇంకా కొత్త కదత్తా, నొక్కుతాది," అంది రోజా కంగారుగా.

"నొక్కపోతే పోనియ్యే," అంది సన్యాసమ్మ, నీళ్ల కోసం లేస్తూ. "కావలిసొచ్చిన్నాడు ఎతుక్కోకండా అక్కడుంటాను కదా."